పసుపు పట్టీ బండి

ఓడరేవులో అతన్ని అందరూ గానుగ అనే పిలుస్తారు. ఆ బిరుదు తగిలించింది సాక్షాత్తూ సొంత బావమరిదే. దూరాల లారీ తోలే ఆ పెద్దమనిషి ఒకరోజు టీ కొట్టు దగ్గర నలుగురినీ పోగేసి, "మా బావ పొద్దుగూకులూ బండి తోల్తాడు. తీరా దిగి చూస్తే ఎక్కిన చోటే ఉంటాడు. గానుగెద్దు నయం కదరా, కళ్లకు గంతలుంటాయి కాబట్టి దానికా సంగతి తెలీదు," అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. మర్నాటికల్లా రేవంతా పాకిపోయింది. మంచి పేరు పెట్టండి చూద్దాం, పక్కింటివాడికి కూడా గుర్తుండదు!

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఓడలోంచి క్రేను దించిన కంటైనరును అతని ట్రైలర్ మీద పెడతారు. రేవు గేటు దాటి, లారీలు తూచే పాత కాటా పక్కనుంచి వెళ్లి, రోడ్డు రెండుగా చీలే చోట ఎడమకు తిరిగితే యార్డు. అక్కడ ఇంకో క్రేను ఆ కంటైనరును ఎత్తుకుంటుంది. మళ్లీ ఖాళీ బండితో ఓడ దగ్గరకు. చీలిక దగ్గర ఎడమకు తిరక్కుండా నేరుగా పోతే వంతెన, వంతెన దాటితే పెద్ద రోడ్డు, ఆ రోడ్డు పట్టుకుంటే ఊళ్లకు ఊళ్లు. కానీ తలుపు మీద పసుపు పట్టీ ఉన్న బళ్లు అటు పోవు. ఏళ్ల తరబడి తిరిగాడు మనవాడు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

అయినా అతనికి బాధ లేదు. ఎందుకంటే ఇంట్లో అతనికి ఒక రాజ్యం ఉంది.

ఇంటి మేడ మీద గదిలో మంచం మీద మంచం వేసి అతని భార్య బాటసారులకు అద్దెకిస్తుంది. భుజాన సంచి, చేతిలో అట్టముక్క పట్టుకుని లిఫ్టులు అడుక్కుంటూ ఊళ్లు తిరిగే జనం ఉంటారే, వాళ్లు. చవగ్గా పడుకుంటారు, కిందనున్న పొయ్యి మీద వాళ్ల తిండి వాళ్లు వండుకుంటారు, తెల్లారి పోతారు. వాళ్ల దుప్పట్లు ఉతకడం, మరకలు పడ్డవి, చిరిగినవి ఏరి తుడుపుగుడ్డలు చేయడం ఆమె పని. గుడ్డ అంచులు పీచు లేవకుండా ఎర్రదారంతో మడిచి కుట్టేది. ఆ నీలిగళ్ల గుడ్డలే మన గానుగ బండి అద్దం తుడుచుకోవడానికి వాడతాడు.

సాయంత్రం భోజనాలయ్యాక ఆమె గడప మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "ఇవాళ ఏం వచ్చిందండీ ఓడలో?" అనేది. ఇక చూడండి! ఇనపపెట్టె మీది రంగును బట్టి అతను ఊరు కట్టేవాడు. ఎర్రవి వచ్చే ఊళ్లో ఎండాకాలమే ఉండదట. ఆకుపచ్చవి వచ్చే ఊళ్లో ఇళ్లకు మెట్లు ఉండవట, అన్నీ నిచ్చెనలేనట. డెబ్భై ఏళ్ల ముసలమ్మ కూడా కోడలితో దెబ్బలాడి, నిచ్చెన పైకి లాక్కుని పడుకుంటుందట. ఆమె నవ్వేది, చూడాలి! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, మన గానుగకు మాత్రం ఆ వినే మనిషే సర్వస్వం. రేవులో ఎవడు ఎన్ని కూతలు కూసినా, ఆ గడప దగ్గర అతను దేశదేశాలు తిరిగొచ్చిన మొనగాడు.

అలాంటి ఇంట్లోకి సంచీపిన్నిని తీసుకొచ్చింది ఎవరనుకున్నారు? ఇంకెవరు, ఇతగాడే. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే మరి.

కాటా గోడ దగ్గర ఒకావిడ నిలబడి అతని బండికి చెయ్యెత్తింది. అరవై ఏళ్లుంటాయి. జుట్టు మగవాడిలా కత్తిరించుకుంది, వీపున తనకంటే పెద్ద సంచి. పసుపు పట్టీ బండికి చెయ్యెత్తేది కొత్తవాళ్లే. పసుపు పట్టీ వాళ్లు చూడనట్టు పోతారు. కానీ ఆరోజు అతని కాలు బ్రేకు మీద పడింది. ఒక మనిషి తనని చూసి, ఈ బండి ఎక్కడికో పోతోంది అనుకుంది కదా, అది అతనికి తేనె పోసినట్టయింది.

"ఎందాకా బాబూ?" అంది ఆవిడ.

"చాలా దూరం," అన్నాడు మనవాడు, గడ్డం పైకెత్తి.

ఆవిడ ఎక్కింది. సంచి సర్దుకుని, చెప్పులు విప్పి, కాళ్లు చాపుకునేలోపే బండి యార్డులో ఆగింది. ఆవిడ అటూ ఇటూ చూసింది. తరవాత పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇంత తొందరగా ఇంత దూరం ఎప్పుడూ రాలేదు నాయనా!" అంది. కోపం లేని నవ్వు. అతనికీ నవ్వొచ్చింది. పని దిగాక చవకలో పడక ఉందని ఇంటికి తీసుకెళ్లాడు.

ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసిందట. అప్పటినుంచీ లిఫ్టుల మీదే తిరుగుడు. ఒక్క రాత్రి ఉండి పోతానంది. పోలేదు. పోనివ్వలేదు అనాలి. గానుగ భార్యకు ఆవిడ మాటలు పట్టుకున్నాయి. దుప్పట్లు ఆరేస్తూ పిన్నీ, కూరలు తరుగుతూ పిన్నీ. సాయంత్రం గడప మీద కూర్చునేది, గడ్డం కింద చెయ్యి పెట్టుకునేది, అంతా మామూలే. ముఖం మాత్రం పిన్ని వైపు తిరిగి ఉండేది.

ఒకరోజు అతను కంచం ముందు కూర్చుని, "ఇవాళ ఓడలో ఏం వచ్చిందో తెలుసా?" అని తనే మొదలుపెట్టాడు.

"ఉండండుండండి, పిన్ని మంచులో లారీ దిగబడిన సంగతి చెప్తోంది," అంది భార్య.

ఒళ్లు మండిపోయింది. అన్నం సహించలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అన్నారు, నిజమే. ఇన్నేళ్ల మొగుడు పెరటి చెట్టయ్యాడు, నిన్నగాక మొన్న వచ్చిన ఆ కత్తిరింపు జుట్టావిడ సంజీవని అయింది! ఆవిడ దగ్గితే చిరాకు. నవ్వితే చిరాకు. ఆవిడ చెప్పులు గుమ్మంలో కనిపిస్తే కాలితో పక్కకు తన్నేవాడు. ఆవిడ పాపం మర్నాడు ఆ పక్కనే విడిచేది, అదే వాటి చోటేమో అనుకుని. మంచితనం కూడా ఒక్కోసారి మనిషిని ఎంత కాలుస్తుందో ఏడ్చేవాడికే తెలుసు.

అన్నిటికంటే లోతుగా దిగిన ముల్లు ఇంకోటి. ఒక ఉదయం మేడ మెట్ల కింద బూట్లు తొడుక్కుంటుంటే పైనుంచి భార్య గొంతు వినిపించింది. కొత్తగా వచ్చిన బాటసారులకు దారి చెప్తోంది. "కాటా గోడ దగ్గర నీడలో నిలబడండి. పెద్ద లారీలన్నీ అటే వస్తాయి. పసుపు పట్టీ బళ్లకి మాత్రం చెయ్యెత్తకండి. అవి ఎక్కడికీ పోవు."

ఆ మాట ఆమె ప్రతి వచ్చేవాడికీ చెప్పేదే, ఎన్నేళ్ల నుంచో. అతనికి వినపడ్డం అదే మొదలు. ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అదే వారంలో నిచ్చెనల ఊరు కూడా బయటపడింది. పిన్ని ఆ ఊళ్లో చాన్నాళ్లు ఉందట. భార్య ఎగిరి గంతేసినంత పని చేసింది. "అయ్యో, ముందే చెప్పరేం? అక్కడ ఇళ్లకు మెట్లు ఉండవటగా? అన్నీ నిచ్చెనలేనటగా?"

గానుగ దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూర్చున్నాడు. పిన్ని ఒక్కసారి అతని వంక చూసింది. "నేనున్నది బస్టాండు పక్కనమ్మా. ఊరి లోపలికి పెద్దగా తిరగలేదు. ఉంటాయి, ఉండకేం," అంది.

కాపాడింది కదా, దణ్ణం పెట్టాలా వద్దా? మన గానుగ మాత్రం ఆ రోజు నుంచీ ఆవిణ్ణి ఇంకా అసహ్యించుకున్నాడు. తిట్టినా ఓర్చుకునేవాడేమో. ఆవిడ జాలి పడింది.

తరవాత రెండ్రోజులకు భార్య కంచంలో వడ్డిస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా, "పిన్ని రేపు బయల్దేరుతోందండీ. నేనూ వెళ్తున్నా. తీరం చివర దీపస్తంభం ఉందట కదా, అందాకా. లిఫ్టుల మీదే. వారం పది రోజుల్లో వచ్చేస్తా," అంది.

"ఏమిటీ?"

"దీపస్తంభం."

"నీకేమన్నా మతి పోయిందా? రోడ్ల మీద చెయ్యెత్తి అడుక్కుంటావా? ఈ వయసులో?"

"పిన్ని నాకంటే పెద్దది."

"గది ఎవరు చూస్తారు? దుప్పట్లు ఎవరు ఉతుకుతారు?"

"మీరున్నారుగా."

"నేను ఒప్పుకోను."

"నేను అడగలేదండీ. చెప్తున్నా," అందామె. గొంతు పెంచలేదు. ఇంకొంచెం కూర వేసింది.

అతని భయం ఆమె తిరిగి రాదని కాదు. వస్తుంది. వచ్చాక ఆమె సముద్రం పక్కన పోయే రోడ్డు తన కళ్లతో చూసి ఉంటుంది, వంతెన అవతల ఏముందో తెలిసి ఉంటుంది. ఇక ఎర్ర కంటైనర్లూ, పచ్చ కంటైనర్లూ ఎవరికి కావాలి? గడప మీద తనకు మిగిలిన ఆ కాస్త చోటూ పోతుంది. ఆ సంగతి అతను ఎవరితో చెప్పగలడు? బావమరిదితో చెప్తే మర్నాటికి ఇంకో పేరు పెడతాడు.

అప్పుడు అతని బుర్రలో ఒక పాడు ఆలోచన పుట్టింది.

ఆ రేవు డ్రైవర్లకు ఒక కట్టుబాటు ఉంది. లిఫ్టు కోసం నిలబడ్డ మనిషితో ఎవరైనా డ్రైవరు, "ఉండు, లోడెత్తుకుని వస్తా," అని మాట ఇస్తే, కాటా గోడ కమ్మీకి తన తుడుపుగుడ్డ ఒకటి కట్టిపోతాడు. గుడ్డ కట్టి ఉందంటే అక్కడ నిలబడ్డ మనిషి ఒకరి మాట మీద ఉన్నట్టు. ఇంకెవడూ ఆపడు. కట్టినవాడు వచ్చి ఎక్కించుకుని తీరాలి. ఎక్కించుకోకపోతే వాడి పక్కన కూర్చుని టీ తాగే దిక్కు ఉండదు. ఈ కట్టుబాటు డ్రైవర్లదే, బాటసారులకు తెలియదు. ఆ కమ్మీకి అప్పుడప్పుడూ ఏదో ఒక పేలిక వేలాడుతూ కనిపించినా వాళ్లెవరూ పట్టించుకోరు.

మర్నాడు పనిలోకి వెళ్తూ నీడ పడే చోట, కమ్మీకి గానుగ తన గుడ్డ కట్టాడు. గట్టిగా, రెండు ముళ్లు వేసి మరీ.

మొదటి లోడుతో గేటు దాటేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు. భార్య నెత్తిన టోపీ పెట్టుకుంది. అది పిన్నిదే. అట్టముక్క ఛాతీకి ఆనించి పట్టుకుని, కొత్తగా బడిలో చేరిన పిల్లలా నిటారుగా నిలబడింది. ముందు పోయే లారీ డ్రైవరు వాళ్లను చూశాడు, గుడ్డను చూశాడు, సాగిపోయాడు. గానుగ కడుపు చల్లబడింది. ఈల కూడా వేశాడు, వెధవ!

రెండో లోడుకీ అక్కడే ఉన్నారు. ఆ తరవాతా అక్కడే. నీడ పక్కకు జరిగిపోయింది. లారీ వెనక లారీ దుమ్ము కొట్టుకుంటూ వెళ్లిపోతోంది, ఒక్కటీ ఆగడం లేదు. పిన్ని సంచి మీద కూలబడింది. భార్య కూర్చోలేదు. ప్రతి లారీకీ అట్ట పైకెత్తుతోంది, దించుతోంది. మొహం కందిపోయింది. గానుగ ఈల ఎప్పుడో ఆగిపోయింది. విప్పేద్దామా అనుకున్నాడు. ఆమె కళ్లముందు ఎలా విప్పుతాడు? తన గోతిలో తనే పడి, చుట్టు మీద చుట్టు తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఆమెను చూడాల్సి వచ్చింది. పసుపు పట్టీ బండి గొప్పదనం అదే. తప్పు చేసి దూరంగా పారిపోదామన్నా కుదరదు.

అంతలో బావమరిది లారీ గేటులోంచి వచ్చింది. అక్కను చూసి ఒక క్షణం ఆపాడు. గానుగ బండి సరిగ్గా ఆ లారీ వెనకే ఉంది. అద్దం దించి ఉంది. ప్రతి మాటా వినపడింది.

"ఏంటక్కా ఇది? ఇక్కడ నిలబడ్డావేంటి?"

"దీపస్తంభానికి. నువ్వు అటేగా, ఎక్కించుకో."

"నేనా? ఎలా కుదురుద్దక్కా? గుడ్డ కట్టి ఉందిగా. ఎవడో మాటిచ్చినట్టున్నాడు, కట్టినవాడే ఎక్కించుకుని తీరాలి, వస్తాడ్లే. నేనెక్కించుకుంటే నన్ను తంతారు." అని వేలితో కమ్మీ వైపు చూపించి, హారన్ కొట్టి వెళ్లిపోయాడు. కట్టుబాటంటే కట్టుబాటే. అక్కయినా ఒకటే, అత్తయినా ఒకటే.

ఆమె కమ్మీ దగ్గరకు వెళ్లింది. గుడ్డను చేతిలోకి తీసుకుంది. నీలిగళ్లు, ఎర్రదారం అంచు. కుట్టిన మనిషికి తన కుట్టు తెలియకపోతే ఎలా? నిదానంగా ముడులు రెండూ విప్పింది. తరవాత తలెత్తి, ఆ లారీ వెనకే మెల్లగా కదులుతున్న పసుపు పట్టీ బండికి చెయ్యెత్తింది.

అతను ఆపాడు. ఆపక చస్తాడా?

ఇద్దరూ ఎక్కారు. పిన్ని కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉండిపోయింది. భార్య మధ్యలో కూర్చుంది, గుడ్డ ఒళ్లో పెట్టుకుని.

"కట్టినవాళ్లు ఎక్కించుకుని తీరాలటగా," అంది.

అతను గేరు వేశాడు. బండి కదిలింది.

"నిచ్చెనలు లేవని నాకు తెలుసు," అందామె. "ఎప్పుడో తెలుసు. మీరు ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పేవారు కాదు. ఒకసారి ఆ ముసలమ్మ కోడలితో దెబ్బలాడేది, ఇంకోసారి కూతురితో."

"మరి వినేదానివెందుకు?"

"బాగుండేవి కాబట్టి. మీరు చెప్తుంటే వినాలనిపించేది." ఒళ్లో గుడ్డ సరిచేసుకుంది. "ఒక్కసారి నేరుగా పోనివ్వండి. వంతెన దాకా చాలు. అక్కడ దింపేసి వెనక్కి వచ్చేయండి. మిమ్మల్ని తినేసేవాళ్లెవరూ లేరు."

నిజమే. వంతెన ఎదురుగా కనిపిస్తోంది. వెళ్లి తిరిగి రావడం ఎంతసేపు? యార్డువాళ్లు రెండు మాటలు అంటారు, పడితే పోయె. వెళ్దామనే అనుకున్నాడు. ఒట్టు, ఆ క్షణాన మనస్ఫూర్తిగా అనుకున్నాడు. చీలిక వచ్చింది. చేతులు వాటంతట అవే ఎడమకు తిప్పేశాయి.

బండి యార్డు గేటులో ఆగింది. ఆమె అతని చేతుల వంక చూసింది. మొహం వంక చూడలేదు. అతనికి అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ తను పిన్నిని చూసి ఏడవలేదు, బావమరిదిని చూసి ఏడవలేదు. నేరుగా పోగలిగే చేతులున్న ప్రతివాళ్లనీ చూసి ఏడ్చాడు. ఇప్పుడు ఆ జాబితాలో తన ఇంటి మనిషి కూడా చేరింది.

"పాలవాడు వస్తే గిన్నె అలమర కింద ఉంది," అందామె. గుడ్డను నాలుగు మడతలు పెట్టి అద్దం ముందు ఉంచింది. "తుడుచుకోండి. దుమ్ము పట్టింది." దిగి, పిన్నికి చెయ్యి అందించింది.

దిగుతూ పిన్ని, "వస్తా బాబూ. ఈసారీ చాలా దూరమే తెచ్చావు," అంది. ఎత్తిపొడుపో, మామూలు మాటో అతనికి తేల్లేదు.

క్రేను కంటైనరు ఎత్తుతుండగా యార్డు కంచెలోంచి చూశాడు. ఇద్దరూ చీలిక దాకా నడిచారు. వాళ్లు నిలబడ్డారో లేదో ఒక లారీ ఆగింది. భార్యకు ఎత్తు మెట్టు ఎక్కడం రాలేదు, కాలు జారింది. పిన్ని వెనకనుంచి ఒక్క తోపు తోసింది. ఆమె లోపలికి బోర్లా పడి, లేచి కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు అతనికి తెలుసు. నిచ్చెన లాక్కున్న ముసలమ్మ కథకు నవ్వే నవ్వు. ఇన్నేళ్లూ అది తన ఒక్కడి సొత్తనుకున్నాడు. లారీ వంతెన ఎక్కి, అవతలికి దిగిపోయింది.

క్రేను పనివాడు ఖాళీ అయిందని కేకేశాడు. గానుగ బండి తిప్పి ఓడ దగ్గరకు వెళ్లాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఇద్దరు కొత్తవాళ్లు, మొగుడూ పెళ్లాలు, సంచులు దించుకుని కూర్చుని ఉన్నారు. అతను తాళం తీశాడు, దుప్పట్లు ఇచ్చాడు, పొయ్యి వెలిగించి చూపించాడు. రేపు ఎక్కడ నిలబడితే లిఫ్టు దొరుకుతుందని అడిగారు.

"కాటా గోడ దగ్గర, నీడలో. పెద్ద లారీలన్నీ అటే వస్తాయి." వంగి బూటు విప్పుకున్నాడు. "పసుపు పట్టీ బళ్లకి మాత్రం చెయ్యెత్తకండి. అవి ఎక్కడికీ పోవు."

"మీకు భలే తెలుసే," అందావిడ నవ్వుతూ. "ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"వాటిలో ఒకటి తోలుతుంటా," అన్నాడు. అని, గడప మీద భార్య కూర్చునే వైపు ఖాళీ వదిలి, ఈ పక్కన కూర్చున్నాడు.